డెబ్బై ఆరు కిలోల పిల్ల

ఆగస్టు 4

ఫిజియో దీదీ చెప్పింది కాబట్టి రాస్తున్నాను. రోజూ కుడిచేత్తో కొంచెం రాయాలట. వేళ్లకి అదే మందట. ఏం రాయాలి అంటే, నీ భాషలో ఏదైనా రాసుకో, నాకు ఎలాగూ చదవడం రాదు అంది.

ఈ కాస్తకే ముంజేయి పీకుతోంది. చాలు.

ఆగస్టు 5

నీలవేణి. నీలవేణి. నీలవేణి.

మూడోసారికి పెన్ను జారిపోయింది. నా పేరు నేను రాసుకోలేకపోతున్నాను, నా ఖర్మ.

ఆగస్టు 7

జరిగినదంతా వరసగా రాసి పారేస్తే తలలోంచి పోతుందేమో చూద్దాం.

జూలై పంతొమ్మిది సాయంత్రం. మర్నాడు పొద్దున్నే రైల్వే స్పోర్ట్స్ కోటా ట్రయల్స్. వెయిట్‌లిఫ్టింగ్, ఆడవాళ్లలో డెబ్బై ఆరు కిలోల విభాగం. మూడేళ్ల నుంచి ఆ ఒక్క రోజు కోసమే తిన్నాను, పడుకున్నాను, లేచాను. ట్రాఫిక్ అని పిలిచే మా రైల్వే కాలనీలో, మా క్లబ్బు జిమ్‌లో ప్రాక్టీసు అయింది. బయట వాన, లోపల కరెంటు లేదు. ప్లేట్లు సర్దుతూ మూలనున్న చెక్కల వెనక్కి చెయ్యి పోనిచ్చాను. ముంజేతి లోపలివైపు చురుక్కుమంది. ఓలమ్మో అని చెయ్యి లాక్కుని బయటికి పరుగెత్తాను. పామును నేను చూడలేదు. తోక కూడా చూడలేదు.

నాన్న చూశాడు. ఇనపరాడ్డు పట్టుకుని లోపలికి వెళ్లాడు, టార్చి వేస్తూ రాజ్ కిరణ్ వెనకే వెళ్లాడు. రాజ్ కిరణ్ కూడా నాన్న దగ్గర నాలాగే బరువులెత్తడం నేర్చుకున్నవాడే, ఇప్పుడు రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం. కాసేపటికి నాన్న ఒక్కడే బయటికొచ్చాడు.

"నీటిపామే తల్లీ. ఢోడా సాప్. దానికి విషం లేదు, ఏటీ లేదు. కొట్టి పారేసినాను" అన్నాడు. డెట్టాల్‌తో కడిగాడు, గుడ్డ చుట్టాడు. "రేపు ఎత్తాల గదా, ఇంటికెళ్లి తొంగో" అన్నాడు.

రాత్రికి చెయ్యి మోచేతిదాకా వాచింది. నీటిపాము కరిచినా వాస్తుందన్నాడు, నొప్పి మాత్ర వేశాడు. అమ్మ తెల్లార్లూ నా పక్కనే కూర్చుంది. ఎప్పుడు మెలకువొచ్చినా నా ముఖంలోకే చూస్తోంది. మా అమ్మలాంటి అమ్మ ఎవరికుంటుంది!

ట్రయల్స్‌లో మొదటి స్నాచ్‌కి పిడికిలి మూసుకోలేదు. బార్ మోకాళ్ల దగ్గరే జారిపోయింది. రెండోసారీ అంతే. ఉమ్మితే రక్తం. చిగుళ్లలోంచి కారుతోంది. నాన్న గోడవతల నుంచి "ఒక్కటి! ఒక్కటెత్తు తల్లీ!" అని అరుస్తున్నాడు. మూతి తుడుచుకుని మళ్లీ వంగాను. ఆ తర్వాత కళ్లు తెరిచేసరికి ఆసుపత్రి.

గాజు గొట్టంలో నా రక్తం తీసి కదపకుండా పెట్టారు. గడ్డకట్టాల్సినంత సేపు గడిచినా నీళ్లలాగే ఉంది. డాక్టరు నాన్న మీద విరుచుకుపడ్డాడు. "ఇది చంద్రబోడా కాటు. నిన్న కరిస్తే ఇవాళ తీసుకొస్తారా? నిన్నటి నుంచి ఏం చేస్తున్నారు?" చంద్రబోడా అంటే మన రక్తపింజరి.

నాన్న చేతులు జోడించాడు. "నీటిపామనుకున్నాం సార్. సీకట్లో తెలీలేదు."

చీకటే కదా మరి. నాన్న పొరపాటు పడ్డాడు. ఎవరైనా పడతారు.

ఆగస్టు 8

నిన్న అంత రాసినందుకు ఇవాళ చెంచా కూడా ఎత్తలేదు ఈ దొంగముండ చెయ్యి. అమ్మ అన్నం కలిపి తినిపించింది.

ఆగస్టు 13

ప్రేమ్ బజార్‌లో దీదీ క్లినిక్‌కి సైకిలు మీద వెళ్లాను. కుడిచేత్తో బ్రేకు పట్టుకోలేను, అందుకని కాళ్లు నేలకి రాస్తూ ఆపుతున్నాను. అక్కడి కాలేజీ క్యాంపస్ కుర్రాళ్లు చూసి నవ్వారు. మీ అమ్మమ్మ నవ్వింది, పొండిరా.

దీదీ టేపుతో రెండు ముంజేతులూ కొలిచింది. వాపు పోయింది, రెండూ ఇంచుమించు ఒకే లావు. లోపలివైపు మాత్రం బొటనవేలు పట్టేంత గుంట పడింది. తర్వాత పిడికిలి మీటరు ఇచ్చి నొక్కమంది. ఎడమచెయ్యి నలభై దాటింది. కుడిచెయ్యి పదకొండు. మీటరు పాడైందేమో అన్నాను. దీదీ తన చేత్తో నొక్కి చూపించింది. బాగానే ఉంది.

"లావు ఒకటే కదా దీదీ, మరి బలమెందుకు రాలేదు?"

"ఆకారం ముందొస్తుంది, బలం ఆ తర్వాత. విషం నీ కండలో పోగుల్ని తినేసింది. కొత్త పోగులు వస్తున్నాయి, కానీ సన్నగా, పచ్చిగా ఉన్నాయి. అసలు పోగులే మిగలని చోట మచ్చ కడుతుంది. మచ్చ కూడా కండలాగే చోటు నింపుతుంది గానీ, లాగమంటే లాగదు."

"నాకెక్కిన విషం ఎక్కువా, తక్కువా?"

"తక్కువే అయి ఉంటుంది. అందుకే చెయ్యీ ఉంది, కిడ్నీలూ ఉన్నాయి. డోసు కొంచెమైతే కొన్ని పోగులే పోతాయి, బలం తిరిగొస్తుంది. డోసు పెరిగేకొద్దీ పోయేవి పెరుగుతాయి. ఒక హద్దు దాటితే మళ్లీ రావడం కష్టం. కానీ మందు పడకుండా గంటలకి గంటలు వదిలేస్తే చిన్న డోసు కూడా పెద్ద డోసు చేసే పనే చేస్తుంది."

తను నా వంక చూడకుండా టేపు చుట్టుకుంది.

నాన్న పొరపాటు పడ్డాడు. అది కూడా దీదీకి చెప్పాను. అడగలేదు, నేనే చెప్పాను.

ఆగస్టు 16

ఆసుపత్రిలో ఒకటి వింతగా అనిపించింది, ఇవాళ దీదీని అడిగాను. నా పక్క మంచంలో నాలుగేళ్ల పాప ఉండేది, దానికీ పాముకాటే. గుప్పెడు పిల్ల. డెబ్బై ఆరు కిలోల నాకు ఎన్ని సీసాల మందు ఎక్కించారో దానికీ అన్నే ఎక్కించారు. పొరపాటేమో అని అప్పుడు నర్సుతో గొడవ కూడా పెట్టుకున్నాను.

దీదీ నవ్వింది. "పాము ఎవర్ని కరిచినా వాళ్ల బరువు చూసి కరవదు కదా. ఆ మందు కొట్టాల్సింది విషాన్ని, మనిషిని కాదు. పోసిన విషం ఎంతో అంత మందు."

"మరి పెద్ద ఒళ్లున్నవాళ్లకి విషం అంతగా ఎక్కదంటారు కదా?"

"రక్తంలో కలిసినదానికి ఒళ్లు పెద్దదైతే కొంచెం నయమే. కానీ కోర దిగిన చోట ఉన్న కండ ఇంతే." బొటనవేలు చూపించింది. "అంత విషం ఇంత కండలో. మిగతా నీ డెబ్బై ఆరు కిలోలూ దానికి సాయం రావు."

మా లిఫ్టర్లకి ప్రతిదీ ఒంటి బరువుతోనే లెక్క. తిండి, మాత్రలు, ఎత్తే బరువు, ఆఖరికి తిట్లు కూడా. అందుకే నాకు అలా తోచింది.

ఆగస్టు 20

నాన్న ఇవాళ జిమ్‌కి రమ్మన్నాడు. ఖాళీ బార్ పట్టుకోమన్నాడు. దీదీ వద్దంది అన్నాను. "ఆవిడేటి, లిఫ్టరా? లావొచ్చీసినాది గదా! సెయ్యి బాగున్నాది, నీకే భయం పట్టుకున్నాది" అన్నాడు.

నిజంగా భయమేనేమో. పోటీల్లో నాన్న ఎప్పుడూ తప్పు చెప్పలేదు. ఏ బరువు అడగాలో నాకన్నా నాన్నకే తెలుసు. బార్ పట్టుకున్నాను, నడుం దాకా వచ్చింది, జారిపోయింది. కుర్రాళ్లంతా చూశారు. రాజ్ కిరణ్ చూడలేదు, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నాకు అప్పుడే కోపం వచ్చింది, అంత అసహ్యంగా ఉందా నా చెయ్యి అని.

ఆగస్టు 21

వాపు మళ్లీ వచ్చింది. దీదీ తిట్టింది. ఇప్పుడు బరువెత్తితే పచ్చి పోగులన్నీ తెగుతాయట, బార్ తల మీద ఉన్నప్పుడు జారితే మెడ విరుగుతుందట. ఏడాది ఓపిక పట్టమంది.

ఏడాదా? మాకు నాలుగు నెలలు కూడా లేవు దీదీ, అనబోయి ఊరుకున్నాను. నాన్న ఈ నెలాఖరుకి రిటైర్ అవుతాడు. ఆ తర్వాత కొన్నాళ్లకి క్వార్టర్ ఖాళీ చేయాలి. నాకు ఉద్యోగం వస్తే క్వార్టర్ నా పేరు మీదకి మార్చుకోవచ్చని నాన్న ఆశ. నేను ఈ ఇంట్లోనే పుట్టాను. తాత నౌపడా నుంచి వచ్చి రైల్వేలో చేరిన నాటి నుంచి మాకు ఈ కాలనీ తప్ప వేరే ఊరు లేదు. సొంత ఇల్లు అన్న మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఆగస్టు 31

నాన్న రిటైరయ్యాడు.

వర్క్‌షాపు వాళ్లు మెడనిండా దండలు వేసి, బ్యాండు కొట్టుకుంటూ ఇంటిదాకా తీసుకొచ్చారు. అమ్మ హారతి ఇచ్చింది. అందరికీ రసగుల్లా, సమోసాల్లాంటి సింగాడా. అంతమంది మధ్య నాన్న నా భుజం మీద చెయ్యేసి, "నానింటికొచ్చీసినాను, ఇంక మా నీలవేణి ఎల్తాది. వొచ్చే నెలలో మళ్లీ ట్రయలున్నాది, ఆఫీసర్‌తో మాటాడీసినాను" అన్నాడు. చప్పట్లు కొట్టారు. "బహుత్ అచ్ఛా నూకరాజు దాదా!" అన్నారు.

నాతో ఒక్క మాట చెప్పలేదు. అందరితోపాటు నాకూ అప్పుడే తెలిసింది. అయినా ఆ దండల్లో నాన్న ముఖం చూసి నేనూ చప్పట్లు కొట్టాను. కుడిచెయ్యి సరిగా తెరుచుకోదు కదా, చప్పుడు రాలేదు.

సెప్టెంబర్ 3

ట్రయల్ ఇరవై నాలుగున. దానికి ముందు స్పోర్ట్స్ డాక్టరు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వాలి. పోయినసారి చెయ్యి బెణికిందని చెప్పి ఇంకో అవకాశం అడిగాడట నాన్న. పాము సంగతి చెప్పలేదట. "పాము అంటే అన్‌ఫిట్ రాసీస్తారు. బెణుకంటే ఎవుడికైనా తగ్గుతాది" అన్నాడు.

అదీ నిజమే. నా మంచికే కదా.

సెప్టెంబర్ 5

రాయను.

సెప్టెంబర్ 6

నిన్న రాయలేదు. ఇవాళ చెయ్యి ఊడిపోయినా రాస్తాను.

నిన్న ప్రేమ్ బజార్‌లో దీదీ దగ్గర నుంచి బయటికి వస్తుంటే టీకొట్టు ముందు రాజ్ కిరణ్ నిలబడి ఉన్నాడు. నాకోసమే వచ్చాడు. టీ చెప్పాడు. తాగడు, మాట్లాడడు, కప్పు పట్టుకుని కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఏటి రాజా, సావు కబురేదైనా తెచ్చినావేటి? సెప్పు."

"నువ్వు ట్రయల్‌కి ఎల్లొద్దు నీలూ."

"అది మా నాన్నతో చెప్పు."

"గురువుగారితోనే సెప్పినాను. నిన్న రాత్రి. ఎలిపోరా అనీసినాడు." తల వంచుకున్నాడు. "ఆ రోజు పాముని నానే పారేసినాను. రాడ్డు మీద ఎత్తి ఎనకాల కాలవలో పడేసినాను. టార్చి ఏసి సూసినాం ఇద్దరం. ఈపు మీద గొలుసు మచ్చలు ఉన్నాయి నీలూ. నానన్నాను, గురువుగారూ ఇది చంద్రబోడా అని. నాకూ తెలుసురా అన్నాడు."

టీకొట్టులో పాలు పొంగుతున్నాయి. కొట్టతను దించడం లేదు, దించమని అరవాలనిపించింది.

"అబద్ధం."

"అమ్మవారి మీద ఒట్టు. ఆసుపత్రికి తీసుకెల్దాం, నా బండుంది అన్నాను. 'పిల్లపాము, దానికాడ విషమెంతుంటాది? డెబ్బై ఆరు కిలోల పిల్లరా అది. దానికేటెక్కుతాది? రేపొక్క పూట ఆగితే సాలు, ఎత్తీగానే నానే తీసుకెల్తాను. నువ్వు నోరిప్పకు' అన్నాడు."

డెబ్బై ఆరు కిలోల పిల్ల. ఆ మాట రాజ్ కిరణ్ కల్పించలేడు. అలా మాట్లాడేది ప్రపంచంలో ఒక్కడే. నా ఒంటి బరువు పెంచడానికి నాన్న తన కంచంలో మాంసం నా కంచంలో వేసేవాడు. ప్రతి ఆదివారం కాటా ఎక్కించి మురిసిపోయేవాడు. ఆ బరువే చూసుకుని, ఈ పిల్లకి ఏమీ కాదులే అనుకున్నాడు.

"నువ్వెందుకు చెప్పలేదు?" అన్నాను.

"గురువుగారు గదా."

"నేనెవర్ని మరి?"

నా టీ రాజ్ కిరణ్ ముందే పారబోసి వచ్చేశాను. సైకిలెక్కానో నడిచానో గుర్తు లేదు.

నాన్న పొరపాటు పడలేదు.

సెప్టెంబర్ 7

మళ్లీ ఆలోచించాను. రాజ్ కిరణ్‌కి నాన్న మీద ఏదో కోపం ఉండి ఉంటుంది. లేకపోతే ఇన్నాళ్లు ఎందుకు ఊరుకున్నాడు? మగాళ్ల మధ్య ఏం జరిగిందో మనకేం తెలుసు.

సాయంత్రం నాన్న వరండాలో పేపరు చదువుతుంటే ఎదురుగా కూర్చుని అడిగాను. "నాన్నా, ఆ రోజు నువ్వు పామును సరిగా సూసినావా?"

"సూసినాను గదే. నీటిపామే."

"డాక్టరు చంద్రబోడా అన్నాడు కదా."

"అయితే సీకట్లో అలాగ కనిపించింటాది. ఇప్పుడెందుకు అయ్యన్నీ? మన అమ్మవారి మీద ఒట్టేసి సెప్తున్నాను, నీటిపామనే అనుకున్నాను."

అమ్మవారి మీద ఇద్దరు ఒట్టేశారు. నాన్న పేపరు మడతపెట్టలేదు, నా వైపు తిరగలేదు. అందులోనూ నాన్న చదువుతున్నది బంగ్లా పేపరు. నాన్నకి బంగ్లా మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు.

సెప్టెంబర్ 9

అమ్మని అడిగాను.

చేపలు తోముతోంది. "ఆ రోజు కరిచింది ఏ పామో నీకు తెలుసా అమ్మా?" అన్నాను, అంతే. చేప చేతిలోంచి జారింది. తీసి మళ్లీ బూడిదలో అద్దింది.

"ఆ రాత్రే సెప్పినాడు. నాను ఏడిసినాను నీలూ. కాళ్లట్టుకున్నాను, తీసుకెల్దాం అని. పొద్దున్న దాకా సూద్దాం, ఊపిరాడకపోతే అప్పుడు ఎల్దాం అన్నాడు."

అందుకా అమ్మా తెల్లార్లూ నా ముఖంలోకి చూస్తూ కూర్చున్నావు? నేను ఊపిరి తీస్తున్నానో లేదో చూస్తున్నావా? నేను అదంతా ప్రేమ అనుకున్నాను. ప్రేమేనేమో కూడా. అలాంటి ప్రేమ నాకు వద్దు.

"నేను నిద్రపోతున్నాను కద. లేపి చెప్పి ఉంటే నేనే నడుచుకుని పోయేదాన్ని. ఆసుపత్రి ఎంత దూరం?"

"నువ్వు ఎత్తగలవు అనుకున్నాం అమ్మా. మీ నాన్న నీ మీద అంత నమ్మకం పెట్టుకున్నాడు."

నమ్మకమట! గిన్నె విసిరేశాను, ఎడమచేత్తో. కుడిచెయ్యి పట్టుకోలేదు. గోడకి కొట్టుకుని అంచు సొట్ట పడింది. అమ్మ దాన్ని తీసి కడిగి మళ్లీ దాంట్లోనే చేపలు వేసింది.

సెప్టెంబర్ 10

ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

సెప్టెంబర్ 11

మాట్లాడలేదు. చేపల కూర తిన్నాను. బాగుంది. సిగ్గు లేదు నాకు.

సెప్టెంబర్ 14

పిడికిలి మీటరు పదిహేడు చూపించింది. దీదీ సంబరపడి "జోర్‌దార్!" అంది. నేను ఏడ్చాను. బాగైనందుకు అనుకుంది.

తర్వాత అడిగాను, ఆ సాయంత్రమే మందు పడి ఉంటే ఎంత ఉండేది అని. అలా లెక్క చెప్పలేం అంది. మళ్లీ అడిగాను. మూడోసారి అడిగితే, "బహుశా ఈపాటికి నువ్వు నా దగ్గరికి రావడం మానేసి ఉండేదానివి" అంది.

సెప్టెంబర్ 16

నాన్న కొత్త బెల్టు తెచ్చాడు, ట్రయల్ కోసం. ఎర్రది. నా నడుముకి తనే పెట్టి చూశాడు. చిన్నప్పుడు కూడా ఇలాగే మోకాళ్ల మీద కూర్చుని కట్టేవాడు. తల పైనుంచి చూస్తుంటే జుట్టు ఎంత నెరిసిందో కనిపించింది. కొంచెమైతే అడక్కుండానే క్షమించేసేదాన్ని.

అప్పుడన్నాడు, "డాక్టర్ దగ్గిర నువ్వు మాటాడకు. అడిగినదానికి నాను సెప్తాను. ఒక్క స్నాచ్, ఒక్క జెర్క్, అంతే తల్లీ. నీ ఒంట్లో బలం లేదేటి? డెబ్బై ఆరు కిలోలున్నావు."

మళ్లీ అదే లెక్క. బార్ జారి మెడ మీద పడితే అప్పుడు కూడా డెబ్బై ఆరు కిలోలుంటాను నాన్నా, పాడె మీద.

ఇది మనసులో అనుకున్నాను. పైకి "సరే" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. సుభాష్‌పల్లిలో అద్దెకి ఇళ్లు చూడమని ఎవరినో అడుగుతూ అమ్మ నిన్న ఫోన్లో మాట్లాడింది. నాన్న గదిలోకి రాగానే పెట్టేసింది. నేను నోరు మూసుకుంటే ఈ ఇల్లు మిగలొచ్చు. చెయ్యి ఎలాగూ పోయింది కదా, మిగిలింది కూడా ఇచ్చేస్తే పోలా? అలా కూడా అనిపిస్తోంది. వాళ్లని అంటున్నాను గానీ నాకూ ఈ ఇల్లు వదలాలని లేదు.

సెప్టెంబర్ 18

స్పోర్ట్స్ డాక్టరు పెద్దాయన, బెంగాలీ. గదిలో ఫ్యాన్ గిరగిర తిరుగుతోంది. నాన్న నీలం చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. నాకన్నా ముందు కుర్చీలో తనే కూర్చున్నాడు.

డాక్టరు గుండె చూశాడు, బీపీ చూశాడు. "పోయినసారి ఏమైంది?"

"బెణికింది సార్. అబ్ ఠీక్ హై" అన్నాడు నాన్న.

చేతులు చాపమన్నాడు. చాపాను. కుడి ముంజేతిని తిప్పి వెలుతురులోకి పట్టుకున్నాడు. ఆ గుంట మీద వేలు పెట్టి నొక్కాడు. "ఇదేమిటి?"

"సిన్నప్పుడు పడింది సార్, మెట్ల మీద."

డాక్టరు నాన్న వంక చూడలేదు. నా వంకే చూస్తున్నాడు. "నిన్ను అడుగుతున్నాను అమ్మా."

నాన్న కాలు బల్ల కింద నా కాలికి తగిలింది. గట్టిగా నొక్కాడు. జిమ్‌లో బార్ దగ్గర నేను ఆలస్యం చేస్తే అలాగే నొక్కేవాడు, ఎత్తు అని. ఆ ఇల్లూ, వరండా, సొట్ట గిన్నె, అమ్మ, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి.

"పాము కరిచింది సార్. జూలై పంతొమ్మిదిన. చంద్రబోడా."

నాన్న కాలు ఆగిపోయింది.

"ఎప్పుడు మందు పడింది?"

"మర్నాడు మధ్యాహ్నం."

"అంతసేపు ఎందుకు ఆగారు? ఏ పామో తెలియదా? ఎవరూ చూడలేదా?"

"మా నాన్న చూశాడు" అన్నాను.

నాన్న నవ్వబోయాడు. "నీటిపామనుకున్నాం సార్, సీకట్లో..." అని మొదలుపెట్టి, డాక్టరు ముఖం చూసి ఆపేశాడు. డాక్టరు నాన్నని ఏమీ అనలేదు. నా చెయ్యి వదిలి కాగితం మీద ఏదో రాశాడు. ఒక ఏడాది బరువు ముట్టుకోకూడదు, ఆ తర్వాత వచ్చి కలవమన్నాడు. "అన్‌ఫిట్" అన్న మాట నెమ్మదిగా అన్నాడు, ఎవరైనా చనిపోయారని చెప్పేటప్పటిలా.

నడిచి వచ్చాం. నాన్న ముందు, నేను వెనక. దారిలో ఇద్దరు ముగ్గురు పలకరించారు, "ఏటి నూకరాజూ, అయిపోనాదా పని?" అని. తలాడించాడు. ట్రాఫిక్‌లో మా క్వార్టర్ల వరస మొదలయ్యే చోట ఆగాడు.

"నువ్వు ఊరుకుంటే సరిపోయీది గదే" అన్నాడు. గొంతు గట్టిగా లేదు. "ఒక్క నిమిషం నోరు మూసుకుని ఉంటే సరిపోయీది."

"నువ్వు మూసుకున్నావు కద నాన్నా. ఒక రోజంతా. సరిపోయిందా?"

నాన్న నా చేతి వంక చూశాడు. జూలై నుంచి ఇప్పటిదాకా లావే చూశాడు, లేదంటే మీటరు అంకె అడిగాడు. ఇప్పుడు ఆ గుంట చూశాడు. ముఖం అదోలా అయిపోయింది. తిడతాడనుకున్నాను. ఏడుస్తాడనుకున్నాను. మళ్లీ అమ్మవారి మీద ఒట్టేస్తాడనుకున్నాను.

"సాలా సిన్నది తల్లీ" అన్నాడు. "పిల్లపాము. ఇంతే ఉన్నాది."

రెండు చేతులూ ఎత్తి కొలత చూపించాడు. జానెడు.

చేతులు అలాగే పట్టుకుని నిలబడ్డాడు, నేను చూసి అవును చిన్నదే అంటానని. నేను పక్కనుంచి దాటుకుని ఇంట్లోకి వచ్చేశాను.